రక్తమునకు నీరటి

మన నల్లగొండ, పాలమూరు మెట్ట ప్రాంతములలో చెరువు క్రింద సాగుచేయు గ్రామములందు నీరటి అనువాడొకడు ఉండెడివాడు. చెరువు తూము అతని అధీనములో ఉండెడిది. అతడు నీటిని కడవలతో కొలిచెడివాడు కాడు. గట్టు వెంబడి నడచిపోయి, చివరి మడి తడిసియున్నదో, నెఱ్ఱెలు వాసియున్నదో చూచెడివాడు. ఎండినచో తూము ఎత్తెడివాడు, తడిసినచో దించెడివాడు. అతని లెక్క అంతయు మడి యొక్క దాహమును బట్టియే గాని నీటి కొలతను బట్టి కాదు.

మన దేహములోను ఇట్టి నీరటి ఒకడు కలడు. ఎఱ్ఱ రక్తకణములను ఎన్ని పుట్టింపవలెనో, ఎప్పుడు హెచ్చింపవలెనో, ఎప్పుడు తగ్గింపవలెనో నిర్ణయించువాడు అతడే. ఆ నీరటి ఎవరు? అతని పని ఎట్టిది? అతడు తూము ఎత్తినను నీరు పారని దేహములు మన ఇండ్లలో ఎన్ని ఉన్నవి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశ్యము.

మొదట ఈ కణములను గూర్చి కొంచెము తెలిసికొందము. ఒక ఘన మిల్లీమీటరు రక్తములో, అనగా గుండుసూది తలంత బొట్టులో, ఆరోగ్యవంతుడైన పురుషునకు సుమారు 50 లక్షలు, స్త్రీకి సుమారు 45 లక్షలు ఎఱ్ఱకణములుండును. దేహమంతటిలోని కణములను లెక్కించినచో ఆ సంఖ్య 25 లక్షల కోట్లకు చేరును. ఒక్కొక్క కణము నడుమ నొక్కుకొనిన చిన్న బిళ్ళవలె నుండును. దానినిండ హిమోగ్లోబిన్ అను ఎఱ్ఱని పదార్థము నిండియుండును. ఈ పదార్థమునకు ఇనుము ఆధారము. ఊపిరితిత్తులలో ప్రాణవాయువును ఎక్కించుకొని, కండలకు, మెదడుకు, గర్భములోని శిశువునకు చేర్చివచ్చుటయే ఈ కణముల పని.

ఇంత సేవచేయు కణమునకు ఆయువు సుమారు 120 దినములే. ఆ పిమ్మట అది ముసలిదై, ప్లీహము, కాలేయము మున్నగు అవయవములలో హరింపబడును. ఆ నష్టమును పూరించుటకై ఎముకల లోపలనున్న మూలుగ, సెకనుకు 20 లక్షలకు పైగా క్రొత్త కణములను పుట్టించుచుండవలెను. ఈ వాక్యమును నేను చదివి ముగించులోపల మీలో ఒక్కొక్కరి దేహమునను ఒక కోటి క్రొత్త కణములు రక్తములో ప్రవేశించియుండును. ఇంత వేగముగ సాగు ఉత్పత్తికి అదుపు లేనిచో ఏమి జరుగునో ఊహింపుడు. కొలది వారములలోనే రక్తము పలుచబడిపోవును, లేదా చిక్కబడి ప్రవహింపజాలక పోవును. సాధారణముగ అట్లు జరుగుటలేదు. కనుక అదుపు చేయువాడు ఒకడు ఉండితీరవలెను.

ఆ అదుపు యొక్క శక్తి మనము నివసించు వాతావరణము మారినపుడే బాగుగ వెల్లడియగును. ఇందులకు మన ప్రాంతముతో సంబంధము గల ఒక ఉదాహరణమును చెప్పెదను. సికింద్రాబాదునుండి కాజీపేటవైపు రైలులో పోవువారికి భువనగిరి కోటగుట్ట కనబడును. చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర త్రిభువనగిరియై, క్రమముగ భువనగిరి అయిన ఆ గుట్ట ఒకే శిల. దాని ఎత్తు సుమారు 500 అడుగులు. చిరకాలము నల్లగొండ జిల్లాలో నుండిన ఈ పట్టణము 2016లో జరిగిన పునర్విభజనతో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. ఈ రాతిమీదనే శేఖర్‌బాబు గారి శిక్షణలో సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు కొందరు త్రాళ్ళు పట్టుకొని ఎక్కుట నేర్చిరి. వారిలో నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనందకుమార్ అనువారు డార్జిలింగులోను, లడఖులోను మరికొంత శిక్షణ పొంది, 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరముపై నిలిచిరి. పూర్ణకు నాటికి 13 ఏండ్ల 11 మాసముల వయస్సు.

భువనగిరి శిలయెత్తు నూట యేబది మీటర్లు. ఎవరెస్టు ఎత్తు 8,848 మీటర్లు. చేతిపట్టు, కాలిపట్టు భువనగిరిలో నేర్వవచ్చును. కాని పలుచని గాలిలో జీవించుటను ఏ గురువును నేర్పజాలడు. అది దేహము తనంత తాను నేర్చుకొనవలసిన విద్య. పైకి పోయిన కొలదిని గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గదు. నూటికి 21 వంతులుగనే యుండును. తగ్గునది గాలి ఒత్తిడి. టిబెట్టువైపున ఆరోహకులు విడిది చేయు స్థలము 5,000 మీటర్లకు మించిన ఎత్తున నున్నది. అచ్చట గాలి ఒత్తిడి సముద్రతీరమున నున్న దానిలో సుమారు సగము. శిఖరమున మూడవ వంతు. అనగా అదే ఊపిరికి సగము కూలి, పిదప మూడవ వంతు కూలి.

ఎవరెస్టుపైకి పోవువారు వారములకొలది కొండలలోనే గడుపుదురు. వాతావరణము అనుకూలించుటకై వేచియుండుట ఇందులకు ఒక కారణము. దేహమునకు వ్యవధి నొసగుట రెండవ కారణము. కొంత పైకి పోవుదురు. మరల దిగివచ్చి నిద్రింతురు. మరల మరికొంత పైకి పోవుదురు. ఈ వ్యవధిలో దేహము మూడు దశలలో సర్దుకొనును. తొలి నిమిషములలోనే ఊపిరి, గుండె వేగము హెచ్చును. ఒకటి రెండు దినములలో రక్తములోని ద్రవభాగము కొంత తగ్గి, ఉన్న కణములే దగ్గరదగ్గరగ చేరును. ఇది నిజమైన వృద్ధి కాదు. మజ్జిగలో నీరు తగ్గించి చిక్కనగునట్లు చేయుటవంటిది. మూడవ దశలో మూలుగ నిజముగ క్రొత్త కణములను హెచ్చుగ పుట్టించును. ఈ పనికి వారములు పట్టును. ఆ వారములను దొంగిలింపజూచువానిని కొండ క్షమింపదు.

ఈ సంగతి శాస్త్రజ్ఞులకు ఎట్లు తెలిసినది? 1890లో వియో అను ఫ్రెంచి వైద్యుడు పెరూ దేశములో లిమా నగరమునుండి ఆండీసు కొండలలోని మొరొకొచ అను గనుల ఊరికి పోయెను. తన రక్తమును తానే పరీక్షించుకొనగ, సుమారు మూడు వారములలో ఘన మిల్లీమీటరునకు 50 లక్షలుగ నుండిన కణములు 70 లక్షలకు మించెను. 1906లో పారిస్ నగరమున కార్నో, దెఫ్లాండ్ర్ అనువారు, రక్తము తీయబడిన కుందేలునుండి కొంత రక్తద్రవమును తీసి వేరొక కుందేలునకు ఎక్కించి, రెండవ కుందేటిలో కణములు హెచ్చెనని ప్రకటించిరి. అనగా కణములను పుట్టించుమని చెప్పు ఆజ్ఞాపత్రమేదో రక్తములోనే ప్రయాణించుచున్నదని వారి ఊహ. దానికే పిదప ఎరిత్రోపోయిటిన్ అను పేరు వచ్చినది. ఆ ఆజ్ఞ ముఖ్యముగ మూత్రపిండములనుండి వెలువడుచున్నదని 1957లో షికాగో నగరమునందలి జేకబ్సన్, గోల్డ్‌వాసర్ మున్నగువారు చూపిరి. దానిని శుద్ధరూపమున వేరుచేయుటకు మరి ఇరువది యేండ్లు పట్టినది. రక్తహీనత గల రోగుల మూత్రము 2,550 లీటర్లు వడపోసిన మీదట, 1977లో కొలది మిల్లీగ్రాముల పదార్థము వారి చేతికి చిక్కినది.

కనుక మన నీరటి మూత్రపిండము. మూత్రమును వడపోయు అవయవమునకు రక్తకణముల ఉత్పత్తితో ఏమి పని యని మీకు సందేహము కలుగవచ్చును. గుండె పంపు రక్తములో సుమారు అయిదవ వంతు మూత్రపిండములగుండ పోవును. దేహమున ప్రాణవాయువు చాలినదో లేదో చూచుటకు ఇంతకంటె మంచి గట్టు మరి లేదు. ఈ నీరటియు కణములను లెక్కింపడు. ప్రాణవాయువు అందుచున్నదా లేదా అని మాత్రమే చూచును.

ఎట్లు చూచుననునదియే ఇటీవలి కాలమున వెల్లడియైన వింత. మన కణములలో ఒక మాంసకృత్తు నిరంతరము తయారగుచుండును, నిరంతరము నశించుచుండును. ప్రాణవాయువు చాలినంత ఉన్నపుడు, ఆ ప్రాణవాయువే సాధనముగ ఒక గుర్తు దానికి వేయబడును. గుర్తుపడిన దానిని కణము వెంటనే ధ్వంసము చేయును. ప్రాణవాయువు కొరవడినపుడు గుర్తు వేయుటకు సాధనము చాలదు. అప్పుడా మాంసకృత్తు బ్రతికిపోయి, కణము యొక్క కేంద్రమును చేరి, ఎరిత్రోపోయిటినును తయారుచేయు జన్యువును మేల్కొల్పును. అనగా సేవకుని ప్రతినిత్యము పిలిచి, పనిలేదని ప్రతినిత్యము పంపివేయుటవంటిది. వ్యర్థమైన శ్రమవలె కనబడును; కాని ఆపద వచ్చినపుడు సేవకుని కొరకు వెదకవలసిన పని యుండదు. ఈ రహస్యమును ఛేదించినందులకు అమెరికాకు చెందిన విలియం కెలిన్, గ్రెగ్ సెమెంజా, ఇంగ్లండునకు చెందిన పీటర్ రాట్‌క్లిఫ్ అనువారలకు 2019లో నోబెల్ బహుమానము లభించినది.

ఆజ్ఞ కొలది గంటలలోనే వెలువడును. మూలుగలో పుట్టనున్న లేత కణములలో అనేకము ఈ ఆజ్ఞ అందనిచో ఎదుగకయే నశించును. అందినచో బ్రతికి పెరుగును. కొలది దినములలో లేత కణములు రక్తములో కనబడును. ప్రాణవాయువు చాలినంత అందగనే ఆజ్ఞ తగ్గును. కొండ దిగివచ్చినవారి హెచ్చు కణములు వారములలో తగ్గిపోయి మరల మామూలు స్థితికి వచ్చును.

తగ్గింపవలసిన అవసరమేమి, ఉన్నచో మంచిదే కదా యని అనుకొనరాదు. చెరువు నిండినపుడు మత్తడి దూకవలెను. లేనిచో కట్ట తెగును. కణములు మితిమీరినచో రక్తము చిక్కనై, గుండెకు భారమై, నాళములలో గడ్డకట్టు అపాయము కలుగును. ఆండీసు కొండలలో నివసించువారిలో కొందరికి ఇట్టి వ్యాధి కలుగుచున్నదని పెరూ వైద్యుడు కార్లోస్ మోంగే 1925లో వర్ణించెను. వేలయేండ్లుగ ఎత్తున నివసించుచున్న టిబెట్టువారిలోనన్ననో, కణములు అంతగ పెరుగకుండ అదుపుచేయు జన్యుభేదము కలదని 2010లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అనగా రక్తము హెచ్చుగ ఉండుట ఆరోగ్యము కాదు. తగినంత ఉండుట ఆరోగ్యము.

వాతావరణపు మార్పు అనగా కొండలు మాత్రమే కావు. మన పాలమూరు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటినపుడు, చెమటతో ద్రవభాగము తగ్గి రక్తము తాత్కాలికముగ చిక్కబడును. ఎండలో పనిచేయుటకు దినదినమును అలవాటుపడినవారిలో దేహము ద్రవభాగమును హెచ్చించుకొని చెమటకు నిలువచేసికొనును. ఆనకట్టల పనికై, మేడల పనికై దేశమంతట తిరిగిన పాలమూరు కూలీల దేహములు ఈ విద్యను బాగుగ నేర్చినవి. అంతరిక్షమున దీనికి వ్యతిరేకమైన మార్పు జరుగును. 1984 ఏప్రిలులో అంతరిక్షయాత్ర చేసిన రాకేశ్ శర్మ బాల్యము, నిజాం కళాశాలలో విద్యాభ్యాసము హైదరాబాదులోనే గడచినవని మీకు తెలియును. ఆయనవలె భారము తెలియని స్థితిలో నుండువారికి కాళ్ళలోని రక్తము పైభాగమునకు చేరును, ద్రవభాగము తగ్గును, కణములును క్రమముగ తగ్గును. నేలకు తిరిగివచ్చిన పిదప దేహము ఆ కొరతను తీర్చుకొనును.

ఇంతవరకు నీరటి నేర్పును చూచితిమి. ఇక నీరటి ఓడిపోవు సందర్భములను చూడవలెను. మన ఇండ్లకు సంబంధించిన విషయము ఇదియే.

నీరటియే వ్యాధిగ్రస్తుడగుట మొదటి సందర్భము. మూత్రపిండములు చెడినవారికి చాలమందికి రక్తహీనత కలుగుటకు ముఖ్య కారణము ఇదియే. డయాలిసిస్ చేయించుకొనువారికి వైద్యులు ఎరిత్రోపోయిటిన్ సూదిమందు నిచ్చుట మీలో కొందరు చూచియుందురు. దేహము పంపవలసిన ఆజ్ఞను వైద్యుడు పంపుచున్నాడన్నమాట.

నీరటి తూము ఎత్తినను చెరువులో నీరు లేకపోవుట రెండవ సందర్భము. ఇది అత్యంత సామాన్యము. ఇచ్చట నీరనగా ముఖ్యముగ ఇనుము. దేహములో ఉండునది మొత్తము మూడు నాలుగు గ్రాములు మాత్రమే; ఒక చిన్న మేకునకు సరిపోవునంత. అందు సుమారు మూడింట రెండు వంతులు రక్తములోనే ఉండును. ముసలి కణములు నశించినపుడు వానిలోని ఇనుమును దేహము పారవేయదు. దినమునకు 20 మిల్లీగ్రాములకు పైగా ఏరుకొని క్రొత్త కణములకు వాడుకొనును. ఆహారమునుండి క్రొత్తగ గ్రహించునది ఒకటి రెండు మిల్లీగ్రాములే. ఇంత పొదుపైన గృహస్థునకు కూడ రక్తస్రావము వచ్చినచో అప్పు తప్పదు. ఒక మిల్లీలీటరు రక్తము పోయినచో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము పోయినట్లే. నెలనెల ఋతుస్రావము, గర్భధారణము, ప్రసవము స్త్రీలకు మాత్రమే కలుగు వ్యయములు. ఒక్క గర్భధారణమునకే మొత్తము సుమారు ఒక గ్రాము ఇనుము కావలసియుండును. చెప్పులు లేక తడినేలలో నడచువారి పాదములగుండ ప్రవేశించు కొంకిపురుగు ప్రేగులలో చేరి నెత్తురు పీల్చుట మరియొక వ్యయము.

2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 57 మందికి మించి రక్తహీనత గలవారని తేలినది. అయిదేండ్లలోపు బిడ్డలలో ఆ సంఖ్య నూటికి 70. వీరిలో ఇనుము కొరతతో బాధపడువారు అనేకులు. అట్టి తల్లి ఎవరెస్టునకు పోలేదు. తన ఊరు దాటలేదు. అయినను ఆమె మూత్రపిండము పర్వతారోహకుని మూత్రపిండమువలెనే ప్రాణవాయువు చాలుటలేదని పగలనక రాత్రియనక ఆజ్ఞలు పంపుచునే యున్నది. మూలుగ ఆ ఆజ్ఞలను అందుకొనుచునే యున్నది. కాని సామగ్రి లేదు. ఆరోహకుడు కొండ దిగివచ్చును. ఆమెకు దిగుటకు కొండ లేదు. బిందె ఎత్తినపుడు ఆయాసము, నాట్లు వేయునపుడు కన్నులు తిరుగుట, బిడ్డను ఎత్తుకొని మెట్టు ఎక్కునపుడు గుండెదడ, ఇవి సోమరితనపు గుర్తులు కావు. ఆమె దేహము పలుచని గాలిలో బ్రతుకుచున్నది.

ఇట్టివారికి ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఇచ్చు మాత్రలలో ఇనుముతోబాటు ఫోలిక్ ఆమ్లము కూడ ఉండును. కణముల పెంపునకు అత్యవసరమైన ఈ పదార్థమును 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలయందు కృత్రిమముగ తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. తెలుగువాని కృషి ఫలము తెలుగు తల్లి చేతికి మాత్రగ వచ్చుచున్నది. కాని ఆ మాత్రను పది దినములు మ్రింగి, గుణము కనబడలేదని మానివేయువారు పెక్కుమంది.

నేను ఇంతవరకు చెప్పిన విషయము ఇచ్చట ఉపయోగపడును. మాత్ర మొదలిడిన వారము పది దినములలో మూలుగలో పని వేగిరపడును; అది కంటికి కనబడదు. హిమోగ్లోబిన్ చక్కబడుటకు సాధారణముగ ఒకటి రెండు మాసములు పట్టును. అటు పిమ్మట ఎండిన చెరువు నిండవలెను. అనగా దేహములోని నిలువ ఇనుము భర్తీ కావలెను. ఇందులకు మరి కొన్ని మాసములు కావలెను. అందుచేతనే వైద్యులు మాత్రలను మాసములకొలది వాడుమందురు. మాత్ర వాడునపుడు మలము నల్లబడుట సహజము, భయపడనక్కరలేదు. కడుపులో వికారము కలిగినచో మానివేయక, ఆరోగ్యకేంద్రములో చెప్పినచో వేళను గాని మోతాదును గాని మార్తురు. ఈ మాత్రచేత బిడ్డ నల్లనివాడగుననుట అపోహ.

ఆహారమునందును కొన్ని మెలకువలు కలవు. ధాన్యములలో, కూరాకులలో ఇనుము ఉన్నను దేహము దానిలో స్వల్పభాగమునే గ్రహింపగలదు. పులుపునందలి సి విటమిను ఆ గ్రహణమును పెంచును. కనుక తోటకూర పప్పులో నిమ్మరసము పిండుకొనుట, భోజనముతో ఉసిరికాయ గాని జామపండు గాని తినుట మంచిది. మన తాతలనాటి తైద అంబలిని పులియబెట్టుట, గింజలను మొలకెత్తించుట కూడ ఇనుము వంటబట్టుటకు తోడ్పడును. భోజనము ముగిసిన వెంటనే తేనీరు త్రాగు అలవాటు మాత్రము ఇనుమును ప్రేగులలోనే కట్టివేయును. గంట రెండు గంటలు ఆగి త్రాగవలెను. మాంసము తినువారికి కాలేయము మంచి ఆహారము. గర్భవతులు మాత్రము వైద్యుని అడిగి తినవలెను. ఇంటిల్లిపాది తిన్న పిమ్మట మిగిలినదానిని స్త్రీ తినుట అను ఆచారమును మానుకొనుట వీటన్నిటికంటె ముఖ్యము.

ప్రసవించవలసిన స్త్రీ ఇంట ఉన్నచో హిమోగ్లోబిన్ పరీక్షను తొలి మాసములలోనే చేయింపుడు. గర్భవతులలో రక్తద్రవము కణములకంటె హెచ్చుగ పెరుగుటచే సంఖ్య కొంత తగ్గుట సహజమే. కాని 11 గ్రాములకు తక్కువైనచో వైద్యుని సలహా తప్పక తీసికొనవలెను. ప్రసవవేళ కొలదిపాటి రక్తస్రావము కూడ అట్టి తల్లికి ప్రాణాపాయము కావచ్చును. మగవారికి గాని, వృద్ధులకు గాని రక్తహీనత కనబడినచో మాత్రలతో సరిపెట్టక, నెత్తురు ఎచ్చట పోవుచున్నదో వైద్యునిచే పరీక్ష చేయింపవలెను.

భువనగిరి రాతిని ఎక్కిన బాలిక ఎవరెస్టును చేరినదనగా ఆమె ధైర్యముతోబాటు ఆమె దేహములోని నీరటియు తన పని చేసినాడన్నమాట. ఆ నీరటి ప్రతి స్త్రీ దేహములోను ఉన్నాడు. తన పనిని ఎన్నడును మరువలేదు. చెరువులో నీరు నింపవలసిన బాధ్యత మాత్రము ఇంటివారిది. ఈ రాత్రి భోజనమునకు కూర్చుండినపుడు, అందరికంటె చివర తినుచున్నది ఎవరో, ఆమె కంచములో ఏమి ఉన్నదో ఒక్కసారి చూడుడు.